నొప్పి మాత్రలకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఏమిటి సంబంధం?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. నాన్నగారికి అరవై దాటాయి. ముప్పై ఏళ్లు రోజుకో పెట్టె చొప్పున సిగరెట్లు తాగి, మూడేళ్ల కిందట మానేశారు. ఆస్పిరిన్ వేసుకునేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ మూడో వంతు తగ్గుతుందని ఎక్కడో చదివి, తానూ రోజుకొకటి మొదలుపెడతానంటున్నారు. అమ్మగారిది దీనికి పూర్తిగా వ్యతిరేకం. మోకాళ్ల నొప్పులకు ఆవిడ పారాసెటమాల్, మరీ ఎక్కువైతే డైక్లోఫెనాక్ వేసుకుంటారు. నొప్పి మాత్రలే క్యాన్సర్ తెస్తాయని ఎవరో పంపిన వీడియో చూసినప్పటి నుంచి ఆవిడకు టెన్షన్. ఇద్దరిలో ఎవరిది కరెక్ట్ అని అడిగారు.

ఇద్దరిదీ కాదు. నాన్నగారు క్యాన్సర్ రాకుండా ఉండాలని ఆస్పిరిన్ మొదలుపెట్టకూడదు. అమ్మగారు ఈ మాత్రల వల్ల ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని భయపడక్కర్లేదు, ఆవిడ జాగ్రత్త పడాల్సినవి వేరే ఉన్నాయి. ఊపిరితిత్తుల రోగులను చూడటం, మందుల ట్రయల్స్ లెక్కలు చదవడం నా పనిలో భాగం కాబట్టి ఇలా ఎందుకంటున్నానో వివరంగా రాస్తాను. కొంచెం ఓపిక పట్టండి.

ముందుగా, నొప్పి మాత్రలన్నీ ఒకటే కాదు. ఆస్పిరిన్, ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ ఒక కుటుంబం. ఇవన్నీ కాక్స్ అనే ఎంజైమును అడ్డుకుంటాయి. వాపునూ నొప్పినీ పెంచే ప్రోస్టాగ్లాండిన్లు తయారయ్యేది ఆ ఎంజైము వల్లే. ఆస్పిరిన్ పనిచేసేది ఇలాగని 1971లో జాన్ వేన్ చూపించాడు. 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. మిగతా మందులు ఎంజైమును కొన్ని గంటలే పట్టి ఉంచితే, ఆస్పిరిన్ దాన్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్ అనే కణాలకు కొత్త ఎంజైము తయారుచేసుకునే శక్తి లేదు. అందుకే ఒక చిన్న మాత్ర ప్రభావం ఆ ప్లేట్‌లెట్ బతికినన్నాళ్లూ, అంటే ఎనిమిది పది రోజులపాటు ఉంటుంది. గుండెపోటు రాకుండా ఆపేది ఇదే, కడుపులో రక్తం కారేలా చేసేదీ ఇదే. పారాసెటమాల్ ఈ కుటుంబంలోది కాదు. నొప్పినీ జ్వరాన్నీ తగ్గిస్తుంది గానీ వాపు మీద దాని పని అంతంతమాత్రం.

క్యాన్సర్ ప్రస్తావన ఎక్కడి నుంచి వచ్చిందంటే, మొదట పెద్దపేగు నుంచి. 1988లో మెల్‌బోర్న్‌లో గేబ్రియల్ క్యూన్ బృందం పెద్దపేగు క్యాన్సర్ వచ్చినవాళ్లను రానివాళ్లతో పోల్చి చూస్తే, వచ్చినవాళ్లలో ఆస్పిరిన్ వాడకం తక్కువగా కనిపించింది. మిగతా క్యాన్సర్ల సంగతేమిటని అందరూ వెతకడం మొదలుపెట్టారు. ఊపిరితిత్తుల విషయంలో ఆశ పడటానికి కారణాలు ఉన్నాయి కూడా. ఈ ఎంజైములో కాక్స్-2 అనే రకం చాలా ఊపిరితిత్తుల గడ్డల్లో, ముఖ్యంగా అడినోకార్సినోమా అనే రకంలో, మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది. దాని వల్ల తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్ ఇ2 గడ్డకు కొత్త రక్తనాళాలు పుట్టడానికి సాయపడుతుంది, రోగనిరోధక కణాలను నిద్రపుచ్చుతుంది. పొగాకులోని ఎన్‌ఎన్‌కే అనే విషపదార్థంతో ఎలుకలకు ఊపిరితిత్తుల గడ్డలు తెప్పించి, ఈ కుటుంబంలోని మందులు ఇస్తే గడ్డలు తగ్గాయి. కాగితం మీద అంతా బాగానే ఉంది.

ఇక నాన్నగారు చదివిన 'మూడో వంతు'. అది గాలివార్త కాదు, నిజంగా ప్రచురించిన అంకెలే. 1994లో అమెరికా జాతీయ ఆరోగ్య సర్వే సమాచారంతో చేసిన విశ్లేషణలో, ఆస్పిరిన్ వాడామని చెప్పినవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ దాదాపు 32 శాతం తక్కువగా వచ్చింది. 2002లో న్యూయార్క్ మహిళల మీద వచ్చిన అధ్యయనంలోనూ ఇంచుమించు అంతే, కాకపోతే అందులో కేసులు చాలా తక్కువ. అయితే అమెరికా నర్సుల మీద జరిగిన ఇంకా పెద్ద అధ్యయనంలో ఏళ్ల తరబడి గమనించినా ఊపిరితిత్తులకు అలాంటి మేలేమీ కనిపించలేదు. పత్రికల్లో హెడ్డింగ్ అయ్యేది మాత్రం మొదటి రకమే. ఏమీ తేలలేదన్న వార్తను ఎవరు క్లిక్ చేస్తారు?

పైగా ఆ 1994 అధ్యయనంలో అడిగిన ప్రశ్న ఏమిటో చూడండి. గత 30 రోజుల్లో ఆస్పిరిన్ వేసుకున్నారా అని మొదట్లో అడిగారు. ఆ జవాబు పట్టుకుని పన్నెండేళ్లు గమనించారు. తలనొప్పికి ఆ నెలలో ఒక మాత్ర వేసుకున్న మనిషి ఒక వైపు, ఆ నెల వేసుకోని మనిషి ఇంకో వైపు. ఆ తర్వాత పన్నెండేళ్లలో ఎవరు ఏం వాడారో ఆ లెక్కలో లేదు. పరిశోధకులు మోసం చేశారని కాదు, వాళ్ల దగ్గరున్న సమాచారం అంతే. కానీ దాన్ని ఆధారం చేసుకుని ఒక మనిషి రోజూ మాత్ర వేసుకోవాలా వద్దా అని తేల్చడం కుదరదు.

మందు తాము ఇవ్వకుండా, ఎవరేం వాడారో గమనించి మాత్రమే చూసే ఇలాంటి పరిశీలన అధ్యయనాల్లో లెక్క తప్పుదారి పట్టడానికి ఇంకా చాలా మార్గాలున్నాయి. పద్ధతిగా ఆస్పిరిన్ వేసుకునేవాళ్లు సాధారణంగా డాక్టర్ దగ్గరికి వెళతారు, బీపీ చూపించుకుంటారు, సిగరెట్ మానమంటే మానడానికి ప్రయత్నిస్తారు. మాత్రకు దక్కిన పేరులో కొంత ఈ అలవాట్లది. ఆసుపత్రిలో చేసే పోలికల్లో ఇంకో చిక్కు. క్యాన్సర్ రోగులను పోల్చడానికి అదే ఆసుపత్రిలోని వేరే రోగులను తీసుకుంటే, వాళ్లలో కీళ్లవాతం, గుండె జబ్బు ఉన్నవాళ్లు ఉంటారు. వాళ్లు ఆస్పిరిన్ ఎక్కువ వాడతారు కదా, వాళ్ల పక్కన పెడితే క్యాన్సర్ రోగులు తక్కువ వాడినట్టే కనిపిస్తారు. దగ్గితే రక్తం పడుతున్న మనిషికి డాక్టర్ ముందు చెప్పేది 'ఆస్పిరిన్ ఆపండి' అని. ఆ తర్వాత కొన్ని వారాలకు క్యాన్సరని తేలితే, రికార్డులో ఆయన 'ఆస్పిరిన్ వాడని' మనిషి!

అన్నిటికంటే ముఖ్యమైనది సిగరెట్. ఊపిరితిత్తుల క్యాన్సర్ రిస్కును సిగరెట్ ఎన్నో రెట్లు పెంచుతుంది, ఈ మాత్రల ప్రభావం నిజంగా ఉన్నా పది ఇరవై ముప్పై శాతం లోపే. అంత పెద్ద కారణం పక్కనే ఉన్నప్పుడు, రోజుకు ఎన్ని, ఎన్నేళ్లు, ఎప్పుడు మానారు అన్న వివరాల్లో చిన్న పొరపాటు దొర్లినా చాలు, లేని మేలు ఉన్నట్టు కనిపిస్తుంది. సిగరెట్ లెక్క సవరించామని ప్రతి వ్యాసంలోనూ రాస్తారు. ఎంత సూక్ష్మంగా సవరించారన్నదే నేను ముందు చూస్తాను.

ఈ రంగంలో ఇలాంటి దెబ్బ ఇంతకు ముందే ఒకటి తగిలింది. క్యారెట్లు, ఆకుకూరలు బాగా తినేవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువని ఎన్నో పరిశీలనలు చెప్పాయి. వాటిలోని బీటా కెరోటిన్ వల్లేననుకున్నారు. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లతో ట్రయల్ పెట్టి ఆ మాత్రలిచ్చారు. 1994లో ఫలితం వచ్చింది: మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా 18 శాతం పెరిగింది. అమెరికాలో కేరెట్ అనే ట్రయల్‌లోనూ 28 శాతం పెరుగుదల కనిపించి, 1996లో గడువు కంటే 21 నెలల ముందే ఆపేశారు. అందుకే సిగరెట్ తాగేవాళ్లకూ మానేసినవాళ్లకూ 'నివారణ మాత్ర' అంటే నేను వెంటనే నమ్మను.

మరి ఆస్పిరిన్‌తో అలాంటి ట్రయల్ జరిగిందా? జరిగింది. అమెరికాలో విమెన్స్ హెల్త్ స్టడీ పేరుతో 45 ఏళ్లు దాటిన 39,876 మంది మహిళలను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీశారు. సగం మందికి రోజు విడిచి రోజు 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతా సగానికి అచ్చం అలాగే ఉండే డమ్మీ మాత్ర. దాదాపు పదేళ్లు నడిపి 2005లో ఫలితాలు ప్రకటించారు. మొత్తం క్యాన్సర్లలో తేడా లేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్ మాత్రం డమ్మీ వైపు 116 మందికి, ఆస్పిరిన్ వైపు 90 మందికి వచ్చింది. 22 శాతం తక్కువ! హెడ్డింగుకు సరిపోతుంది. కానీ ఇంత తేడా కేవలం యాదృచ్ఛికంగా రావడానికీ ఆస్కారం ఉందని ఆ గణితమే చెబుతోంది. అన్ని రకాల క్యాన్సర్లను విడివిడిగా పరీక్షిస్తే ఏదో ఒకటి ఇలా తేలడం మామూలే.

సరే, అది నిజమైన మేలే అనుకుందాం. ఒక్కో వైపు ఇంచుమించు 20,000 మంది. పదేళ్లలో తగ్గిన కేసులు 26, అంటే సుమారు 770 మంది పదేళ్లు మాత్ర వేసుకుంటే ఒకరికి మేలు. ఇక అదే ట్రయల్‌లో రెండో లెక్క. కడుపులోనో పేగుల్లోనో రక్తస్రావమై రక్తం ఎక్కించాల్సి వచ్చినవాళ్లు డమ్మీ వైపు 91 మంది, ఆస్పిరిన్ వైపు 127 మంది. 36 మంది ఎక్కువ, అంటే సుమారు 550 మందికి ఒకరు. నాన్నగారు చదివిన దాంట్లో ఈ రెండో లెక్క ఉండి ఉండదు. సిగరెట్ తాగినవాళ్లకు క్యాన్సర్ రిస్కు ఎక్కువ కాబట్టి మేలు కూడా ఎక్కువ ఉంటుంది కదా అని మీరు అడగవచ్చు. వయసుతో పాటు రక్తస్రావం రిస్కూ పెరుగుతుంది, కాబట్టి త్రాసు రెండు వైపులా కదులుతుంది. పైగా ఆ మేలు నిలబడలేదు కూడా. అదే మహిళలను 18 ఏళ్ల వరకు గమనించి 2013లో మళ్లీ చూస్తే, పెద్దపేగు క్యాన్సర్ 20 శాతం తగ్గినట్టు తేలింది, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో తేడా కనిపించలేదు.

న్యాయంగా ఉండాలంటే రెండో పక్షం వాదన కూడా చెప్పాలి. ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన పీటర్ రాత్‌వెల్ బృందం 2011లో ఎనిమిది పాత ట్రయల్స్‌ను, మొత్తం 25,570 మందిని, కలిపి చూసింది. రోజూ ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో క్యాన్సర్ మరణాలు తగ్గాయి. ఊపిరితిత్తుల్లోనూ తగ్గాయి, కానీ అడినోకార్సినోమా రకంలోనే, అదీ చాలా ఏళ్లు వాడాకే. సిగరెట్‌తో గట్టిగా ముడిపడిన స్మాల్ సెల్, స్క్వేమస్ రకాల్లో ఆ మేలు లేదు. ఈ పరిశోధన తేలిగ్గా తీసిపారేసేది కాదు. కానీ ఆ ట్రయల్స్ క్యాన్సర్ కోసం మొదలుపెట్టినవి కావు, రక్తనాళాల జబ్బుల కోసం మొదలుపెట్టినవి.

దాని తర్వాత 2018లో ఆస్ప్రీ అనే ఆస్పిరిన్ ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఆస్ట్రేలియా, అమెరికాల్లో ఎక్కువగా 70 దాటిన 19,114 మందితో చేశారు. దాదాపు ఐదేళ్లకు క్యాన్సర్ మరణాలు డమ్మీ వైపు 2.3 శాతం, ఆస్పిరిన్ వైపు 3.1 శాతం. తగ్గుతాయనుకున్నవి పెరిగాయి. దీన్ని జాగ్రత్తగా చూడాలని ఆ పరిశోధకులే అన్నారు, నేనూ అంటాను. ఆస్పిరిన్ క్యాన్సర్ తెస్తుందనడానికి ఇది చాలదు, ఎందుకంటే కొత్తగా క్యాన్సర్ వచ్చినవాళ్ల సంఖ్య రెండు వైపులా దాదాపు సమానం. కానీ పెద్ద వయసులో కొత్తగా మొదలుపెడితే మేలు జరుగుతుందన్న ఆశకు మాత్రం ఇది గట్టి దెబ్బే.

కాక్స్-2ను మాత్రమే అడ్డుకునే మందులైతే కడుపు పాడవకుండా పని జరుగుతుందని కొన్నాళ్లు అనుకున్నారు. వాటిలో ఒకటైన రోఫెకాక్సిబ్ గుండెపోట్లు పెంచుతోందని 2004లో మార్కెట్ నుంచి వెనక్కి తీసుకున్నారు. అదే రకం మందు సెలెకాక్సిబ్‌ను ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లకు కీమోతో కలిపి ఇచ్చి చూశారు, ఆయుష్షు పెరగలేదు. కానాకినుమాబ్ కథ మరీ విచిత్రం. అది నొప్పి మాత్ర కాదు, వాపును తగ్గించే ఇంజెక్షన్. గుండె జబ్బు ఉన్న 10,061 మందికి ఇచ్చిన ట్రయల్‌లో, పెద్ద డోసు తీసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ మూడింట రెండు వంతులు తగ్గిందని 2017లో చూసి మేమంతా ఆశ్చర్యపోయాం. ఆ తర్వాత దాన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ చికిత్సలో నేరుగా పరీక్షించిన ట్రయల్స్ వరసగా విఫలమయ్యాయి. వాపుకూ ఈ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని నేను నమ్ముతాను. సంబంధం ఉన్నంత మాత్రాన చేతిలో మందు ఉన్నట్టు కాదు.

పరిశోధన ఆగిపోలేదు లెండి. ప్లేట్‌లెట్ల నుంచి వచ్చే థ్రాంబాక్సేన్ ఎ2 అనే పదార్థం టీ కణాలనే రోగనిరోధక కణాలను అణచివేస్తుందనీ, ఆస్పిరిన్ ఆ అణచివేతను తొలగించి క్యాన్సర్ ఇతర అవయవాలకు పాకకుండా అడ్డుకోగలదనీ 2025లో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు ఎలుకల్లో చూపించారు. అయితే అది వచ్చిన క్యాన్సర్ పాకడం గురించి, రాకుండా ఆపడం గురించి కాదు. చికిత్స పూర్తయినవాళ్లకు ఆస్పిరిన్ ఇచ్చి చూస్తున్న యాడ్-ఆస్పిరిన్ అనే పెద్ద ట్రయల్‌లో రొమ్ము, పెద్దపేగు, ప్రోస్టేట్, జీర్ణాశయం-అన్నవాహిక క్యాన్సర్లున్నాయి. ఊపిరితిత్తులు లేవు.

ఇప్పుడు అమ్మగారి వీడియో సంగతి. నొప్పి మాత్రలు వాడేవాళ్లలో క్యాన్సర్ ఎక్కువ కనిపించే అధ్యయనాలు కొన్ని ఉంటాయి. అందులో చాలాసార్లు జరిగేది వరస తారుమారు కావడం. క్యాన్సర్ ముందే మొదలైంది, దాని వల్ల నొప్పి వచ్చింది, నొప్పికి మాత్ర వేసుకున్నారు, క్యాన్సర్ బయటపడింది చివర్లో. మాత్ర ముందు, క్యాన్సర్ తర్వాత అన్నట్టు కనిపిస్తుంది. అందుకే మంచి అధ్యయనాల్లో క్యాన్సర్ బయటపడటానికి ముందు ఒకటి రెండేళ్ల వాడకాన్ని లెక్కలోంచి తీసేస్తారు.

ఇది లెక్కల సంగతి మాత్రమే కాదు, మనుషుల్లో మేం చూసేదే. ఊపిరితిత్తి పైకొనలో గడ్డ పుడితే దగ్గు రాకపోవచ్చు, ఆయాసం ఉండకపోవచ్చు. భుజం నొప్పి వస్తుంది. అది చేయి లోపలి వైపుగా చిటికెన వేలి దాకా పాకుతుంది, రాత్రుళ్లు ఎక్కువవుతుంది. మెడ ఎముకలు అరిగాయనో, భుజం పట్టేసిందనో నెలల తరబడి డైక్లోఫెనాక్ మీద నడిపించుకొచ్చి, చేతిలో బలం తగ్గాక, ఒక వైపు కనురెప్ప వాలాక మా దగ్గరికి వచ్చేవాళ్లున్నారు. మొదట్లోనే ఒక ఎక్స్-రే తీసి ఉంటే బాగుండేదనిపిస్తుంది, అదీ ఆ పైకొనను శ్రద్ధగా చూస్తేనే. నాన్నగారి లాంటి చరిత్ర ఉన్నవాళ్లకు భుజం నొప్పి మూడు నాలుగు వారాలు దాటితే, మాత్ర మార్చే బదులు ఛాతీ పరీక్ష చేయించమని నేను పట్టుబడతాను.

వీడియోలో ఫెనాసిటిన్ పేరు వినబడిందేమో ఒకసారి చూడండి. అది ఒకప్పటి నొప్పి మందు. మూత్రపిండం లోపలి గదిలోనూ మూత్రనాళంలోనూ క్యాన్సర్ తెస్తుందని రుజువై చాలా దేశాల్లో ఆపేశారు. శరీరంలోకి వెళ్లాక అది చాలావరకు పారాసెటమాల్‌గా మారుతుంది కాబట్టి రెండింటినీ కలిపేసి భయపెట్టేవాళ్లున్నారు. పారాసెటమాల్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం ఐఏఆర్‌సీ మూడో వర్గంలో పెట్టింది. మనుషులకు క్యాన్సర్ తెస్తుందని వర్గీకరించడానికి తగిన ఆధారాలు లేని వాటి వర్గం అది. ఫెనాసిటిన్ ఉన్నది మొదటి వర్గంలో.

అమ్మగారు చూసుకోవాల్సింది మోతాదు. పారాసెటమాల్ పెద్దవాళ్లకు రోజుకు 4 గ్రాములు దాటకూడదు. సన్నగా ఉన్నా, లివర్ సమస్య ఉన్నా ఇంకా తక్కువ. జలుబు మాత్రల్లో కూడా పారాసెటమాల్ ఉంటుంది, రెండూ కలిపి వేసుకుంటే డోసు తెలియకుండానే దాటిపోతుంది. డైక్లోఫెనాక్ అయితే కడుపు, కిడ్నీలు, గుండె మూడింటినీ ఇబ్బంది పెట్టగలదు. ఆవిడ బీపీ మాత్రలు వాడుతుంటే, అందులో మూత్రం ఎక్కువ పోయించే మందు కూడా ఉంటే, దానికి ఇది తోడైతే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం బాగా పెరుగుతుంది. మోకాలికి డైక్లోఫెనాక్ జెల్ రాసుకోవడం మాత్ర కంటే నయం. చాలామందికి దానితోనే సరిపోతుంది.

నాన్నగారికి రండి. ఆయనకు ఇప్పటికే స్టెంట్ ఉండో, గుండెపోటో పక్షవాతమో వచ్చి ఉండో డాక్టర్ ఆస్పిరిన్ రాసి ఉంటే, ఇది చదివి ఆపేయకండి, అది వేరే లెక్క. అలాంటిదేమీ లేకపోతే కొత్తగా మొదలుపెట్టొద్దు. అమెరికా నివారణ సేవల టాస్క్‌ఫోర్స్ కూడా 2022లో, 60 దాటినవాళ్లు మొదటి గుండెపోటు రాకుండా ఉండటానికని ఆస్పిరిన్ మొదలుపెట్టొద్దనే చెప్పింది. గుండె కోసమే వద్దంటున్నప్పుడు, ఊపిరితిత్తుల కోసం అనే ప్రశ్నే రాదు. మాత్ర మీదున్న ఆ ఉత్సాహాన్ని సీటీ స్కాన్ వైపు మళ్లించండి. తక్కువ రేడియేషన్‌తో తీసే లో-డోస్ సీటీ గురించి చెబుతున్నాను. అమెరికాలో 53,454 మందితో చేసిన ట్రయల్‌లో ఏటా ఒకసారి చొప్పున మూడుసార్లు ఈ స్కాన్ తీస్తే, మామూలు ఎక్స్-రేతో పోలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ మరణాలు 20 శాతం తగ్గాయి. ఏ నొప్పి మాత్రా ఇంత పెద్ద ట్రయల్‌లో ఊపిరితిత్తుల విషయంలో ఇంత మేలు చూపించలేదు. అక్కడి ప్రస్తుత నియమం ప్రకారం 50 నుంచి 80 ఏళ్ల లోపువాళ్లు, రోజుకో పెట్టె చొప్పున 20 ఏళ్లకు తగ్గకుండా తాగినవాళ్లు, ఇంకా తాగుతున్నా లేదా మానేసి 15 ఏళ్లు దాటకపోయినా దీనికి అర్హులు. మీరు రాసిన వివరాల ప్రకారం నాన్నగారు ఇందులోకి వస్తారు. దేశాన్ని బట్టి నియమాలు మారతాయి కాబట్టి మీ డాక్టర్‌తో మాట్లాడండి.

వెళ్లే ముందు ఒక్క మాట ఆయనకు చెప్పి ఉంచండి. ఆ ట్రయల్‌లో స్కాన్‌లో ఏదో ఉందని తేలిన వాటిలో 96 శాతం చివరికి క్యాన్సర్ కానివే. పాత ఇన్‌ఫెక్షన్ మచ్చలు, చిన్న చిన్న ముడులు కనిపిస్తాయి, కొన్ని నెలల తర్వాత మళ్లీ స్కాన్ తీస్తామంటారు. ఆ మధ్యకాలంలో నిద్ర పట్టకపోవడం సహజం. రిపోర్టులో 'నాడ్యూల్', అంటే చిన్న ముడి, అన్న మాట కనబడగానే కంగారు పడకుండా, దాని సైజు ఎంత, మళ్లీ స్కాన్ ఎప్పుడు అని డాక్టర్‌ను అడిగి రాసుకోమనండి.